వెల్ష్ సరిహద్దులో అమ్మానాన్నలతో ఎక్కదగ్గ కొండ: హెర్గెస్ట్ రిడ్జా, స్కిరిడా?

నెమ్మదినడక:

అందరికీ నమస్కారం. మే రెండో వారంలో ఒక రోజు ఇంగ్లండ్–వేల్స్ సరిహద్దు వైపు వెళ్లి, మరీ పెద్దది కాని కొండ ఒకటి ఎక్కాలని అనుకుంటున్నాం. వెళ్లేది నలుగురం: నేను, అమ్మ (62), నాన్న (67), తొమ్మిదేళ్ల బాబు. బర్మింగ్‌హామ్ నుంచి కారులో వస్తాం. అమ్మ రోజూ నాలుగైదు కిలోమీటర్లు నడుస్తుంది కాబట్టి ఆమెకు దిగులు లేదు. నాన్నకు ఎక్కడం పర్వాలేదు కానీ, దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి పెడుతుంది. రాళ్లు పట్టుకుని పాకాల్సిన దారి, అంచున లోయ కనిపించే సన్నబాట మాకు వద్దు. పైకి వెళ్లాక మాత్రం నాలుగు వైపులా చూపు ఆనేంత దూరం కనబడాలి.

వెతికితే రెండు పేర్లు తేలాయి: కింగ్టన్ దగ్గర హెర్గెస్ట్ రిడ్జ్, ఆబెర్గవెనీ దగ్గర స్కిరిడ్. ఎత్తు చూస్తే ఒకటి 426 మీటర్లు, ఇంకోటి 486. కాగితం మీద తేడా 60 మీటర్లే. మరి ఒకదాన్ని తేలిక అనీ, ఇంకోదాన్ని కష్టం అనీ ఎందుకంటున్నారో అర్థం కాలేదు. ఏది ఎంచుకోవాలి, కారు ఎక్కడ పెట్టాలి, ఎంతసేపు పడుతుంది, మామూలు స్పోర్ట్స్ షూ చాలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గాలిగుట్ట:

మీ నలుగురికీ హెర్గెస్ట్ రిడ్జే సరిపోతుందండీ. కారణం శిఖరం ఎత్తులో దొరకదు, ఆ ఎత్తు ఎంత దూరం మీద పరుచుకుని ఉందో అందులో ఉంది. హెర్గెస్ట్ తూర్పు–పడమరలుగా సాగిన పొడవాటి పచ్చిక కొండ. కింగ్టన్ ఊరి పైభాగంలో ఉన్న సెయింట్ మేరీస్ చర్చి దగ్గర మొదలుపెడితే శిఖరానికి దాదాపు నాలుగు కిలోమీటర్లు. ఊరికీ శిఖరానికీ ఎత్తు తేడా సుమారు 260 మీటర్లు. అంటే ప్రతి వంద అడుగులకు ఆరేడు అడుగుల ఎత్తు, అంతే. స్కిరిడ్‌లో ఇంతకంటే ఎక్కువ ఎత్తును ఇంతకంటే తక్కువ దూరంలో ఎక్కాలి. మీ నాన్నగారి మోకాలికి తేడా తెలిసేది అక్కడే.

బర్మింగ్‌హామ్ నుంచి ఎలా వచ్చినా చివరకు లెమ్‌స్టర్ దగ్గర ఏ44 రోడ్డు పట్టుకుని పడమటికి వస్తే కింగ్టన్ వస్తుంది. ఈ ఊరికి రైలు లేదు, ప్రయాణికుల రైళ్లు 1955లోనే ఆగిపోయాయి. కాబట్టి కారు ఉండటం మీకు మేలే. కారు ఊళ్లోని పార్కింగ్‌లో పెట్టి నడవడం ఒక పద్ధతి. చర్చి దాటి పడమటికి రిడ్జ్‌బోర్న్ రోడ్డు ఎక్కుతుంది, ఆ దారిలోనే హెర్గెస్ట్ క్రాఫ్ట్ తోటలు వస్తాయి. తోటలు దాటాక తారు దారి ఒక గేటు దగ్గర అయిపోతుంది. గేటుకు ఇవతల కొద్ది కార్లకు చోటుంది. అక్కడిదాకా కారులో వెళితే నడక మూడు కిలోమీటర్లకు తగ్గుతుంది, ఎక్కుడులో కొంత భాగం కారే ఎక్కేస్తుంది. చోటు నిండిపోయి ఉంటే మాత్రం గేటుకు అడ్డంగానో, దారి పక్క గడ్డి మీదో పెట్టకండి. రైతుల ట్రాక్టర్లు, ట్రైలర్లు వెళ్లేది ఆ గేటు గుండానే. వెనక్కి తిప్పుకుని ఊళ్లోకి వచ్చేయండి.

ఒక మాట ముందే చెప్పాలి. ఊళ్లో మొదలుపెట్టినవాళ్లకు ఈ మొత్తం నడకలో ఆయాసం వచ్చేది కొండ మీద కాదు, ఆ తారు దారి మీదే. అక్కడే "ఇదేం తేలిక?" అనిపిస్తుంది. అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచండి, నిదానంగా ఎక్కుతారు. గేటు దాటగానే కాలి కింద పచ్చిక వస్తుంది. గొర్రెలు మేసి మేసి కత్తిరించినంత పొట్టిగా ఉంచుతాయి. బండి వెళ్లేంత వెడల్పు దారి కాబట్టి నలుగురూ పక్కపక్కనే మాట్లాడుకుంటూ నడవొచ్చు. నిటారుగా తెగిన అంచు ఎక్కడా లేదు, రెండు వైపులా వాలు మెల్లగా జారిపోతుంది. బాబును చేయి పట్టుకుని నడిపించాల్సిన అవసరం ఉండదు.

ఈ దారి ఆఫాస్ డైక్ పాత్ అనే జాతీయ బాటలో ఒక ముక్క. చెప్‌స్టో దగ్గరి సెడ్‌బరీ నుంచి ఉత్తర తీరంలో ప్రెస్టాటిన్ దాకా 285 కిలోమీటర్ల దారి అది, 1971లో ప్రారంభమైంది. స్తంభాల మీద ఓక్ చెట్టు గింజ (ఏకార్న్) గుర్తు ఉంటుంది, దాన్ని చూసుకుంటూ వెళితే చాలు. ఎనిమిదో శతాబ్దపు మెర్సియా రాజు ఆఫా తవ్వించిన కట్ట (డైక్) ఇక్కడ కనిపిస్తుందని కొందరు వెతుక్కుంటారు. హెర్గెస్ట్ మీద ఆ కట్ట లేదు. చూడాలంటే కింగ్టన్‌కు ఉత్తరాన రషాక్ హిల్ వైపు వెళ్లాలి. పేరు డైక్‌ది, ఈ కొండ మీద దారి మాత్రం ఉత్త దారే.

శిఖరం విషయంలో చాలామంది పొరబడతారు. ట్రిగ్ పాయింట్ అనే సిమెంటు దిమ్మె కనబడగానే అదే పైభాగం అనుకుని ఆగిపోతారు. అసలు ఎత్తైన చోటు దానికి కాస్త ఎడంగా ఉంది, తేడా మూడు మీటర్లే. పైభాగం అంత చదును మరి. ఆ చదును వల్ల ఒక చిక్కుంది: నడిమధ్య నిలబడితే కొండ తన నడుముతోనే కింది లోయలను మూసేస్తుంది, దూరపు కొండలే కనిపిస్తాయి. ఉత్తరపు అంచు దాకా ఒకసారి, దక్షిణపు అంచు దాకా ఒకసారి నడవండి. రెండూ కలిపి పదిహేను నిమిషాల పని. అప్పుడే ఇక్కడికి వచ్చినందుకు ఫలితం దక్కుతుంది.

ఏ దిక్కున ఏముందో చెబుతాను. దక్షిణాన ఇరవై కిలోమీటర్ల దూరంలో గోడలా నిలబడినవి బ్లాక్ మౌంటెన్స్, వాటి కొసన తెగ్గోసినట్టుండేది హే బ్లఫ్ (677 మీటర్లు). గాలి తేటగా ఉంటే నైరుతిలో, నలభై కిలోమీటర్ల అవతల, బల్లలా చదునైన నెత్తితో పెన్ ఎ ఫాన్ (886 మీటర్లు). వాయవ్యాన దగ్గరగా గుండ్రటి రాడ్నర్ ఫారెస్ట్ కొండలు. పేరులో ఫారెస్ట్ ఉన్నా పైన ఎక్కువభాగం బోడిగానే ఉంటాయి. ఉత్తరాన కాలి కిందే అన్నట్టు హాంటర్ హిల్. ఈశాన్యాన టిటర్‌స్టోన్ క్లీ, నెత్తిన తెల్లటి రాడార్ గోళం మెరిస్తే అదే. తూర్పున హెరెఫర్డ్‌షైర్ మైదానం, దాని చివర రంపపు పళ్లలా మాల్వర్న్ కొండలు. అక్కడి ఎత్తైన వూస్టర్‌షైర్ బీకన్ 425 మీటర్లు, మీరు నిలబడింది 426. యాభై కిలోమీటర్ల దూరం నుంచి సమానంగా చూస్తుంటారన్నమాట. బాబుకు ఇది చెప్పండి, పిల్లలకు ఇలాంటివి నచ్చుతాయి.

పైన ఇంకో వింత కూడా ఉంది. గొర్రెలు తిరిగే ఖాళీ పచ్చికలో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మంకీ పజిల్ చెట్ల గుంపు ఒకటి నిలబడి ఉంటుంది. వాటికి దగ్గరలోనే పాత గుర్రప్పందేల మైదానం ఆనవాలు పచ్చిక మీద కోడిగుడ్డు ఆకారంలో ఇంకా తెలుస్తుంది. 1825 నుంచి 1846 దాకా పందేలు ఇక్కడ జరిగాయి. చదునైన దారి కావాలంటే ఆ గుండ్రటి బాట మీదే ఒక చుట్టు తిరగండి. గాలికి అడ్డు కావాలన్నా ఆ చెట్ల పక్కకే చేరండి, పైన వేరే మరుగు లేదు.

సమయానికి నడకవాళ్ల పాత లెక్క ఒకటుంది: గంటకు ఐదు కిలోమీటర్లు, ఆపైన ప్రతి పది మీటర్ల ఎక్కుడుకు ఒక నిమిషం. రానుపోను ఎనిమిది కిలోమీటర్లకు అది రెండు గంటల చిల్లర అవుతుంది. అయితే అది ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. మీకు మూడు గంటలు వేసుకోండి, పైన తిని కూర్చోవడానికి ఇంకో గంట. పైన నీళ్లు లేవు, టాయిలెట్ లేదు. ఆ రెండూ ఊళ్లోనే చూసుకోవాలి.

పచ్చికబాట:

గాలిగుట్ట గారు చెప్పింది ఈ కుటుంబం వరకు సరైనదే. అయినా స్కిరిడ్‌ను ఒక్క మాటలో పక్కన పెట్టేయడం నాకు నచ్చలేదు. చూపు విషయంలో స్కిరిడ్‌దే పైచేయి. హెర్గెస్ట్ పైన కొండే కొంత అడ్డొస్తుందని ఆయనే అన్నారు కదా. స్కిరిడ్ వీపు సన్నగా ఉంటుంది, కుడికీ ఎడమకీ ఒకే చోట నిలబడి చూడొచ్చు. పడమట షుగర్ లోఫ్ (596 మీటర్లు), నైరుతిలో బ్లోరెంజ్ (561 మీటర్లు), వాటి మధ్య ఆబెర్గవెనీ ఊరు, తూర్పున హెరెఫర్డ్‌షైర్ పొలాలు, తేటగా ఉన్న రోజు దక్షిణాన సెవర్న్ నది సముద్రంలో కలిసే చోటు. ఆ మూడు కొండల్లో ఇదే పొట్టిది, మిగతా గుంపు నుంచి విడిగా నిలబడటం వల్లే దీనికి ఇంత చూపు. బన్నౌ బ్రికేనియోగ్ నేషనల్ పార్కుకు తూర్పు అంచున ఉంది. 2023 దాకా ఇంగ్లీషులో బ్రెకన్ బీకన్స్ అన్న పార్కే ఇది. నెట్‌లో వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

దారి ఇలా ఉంటుంది. ఆబెర్గవెనీ నుంచి ఈశాన్యంగా వెళ్లే బీ4521 రోడ్డు పక్కన నేషనల్ ట్రస్ట్ కార్ పార్క్ ఉంది. అక్కడి నుంచి కంకర బాట అడవిలోకి తీసుకెళ్తుంది, అడవిలో మెట్లున్నాయి. మోకాలు నొప్పి ఉన్నవాళ్లకు మొదటి ఇబ్బంది ఈ మెట్లే. వాటి ఎత్తు మన అడుగుకు తగ్గట్టు ఉండదు, వానకు మట్టి కొట్టుకుపోయి కొన్ని మరీ ఎత్తుగా తేలి ఉంటాయి. అడవి దాటిన గేటు తర్వాత కొండ దక్షిణపు కొసను ఎక్కాలి, మొత్తం దారిలో నిటారు భాగం అదే. అది అయిపోతే తర్వాతి కిలోమీటరు వీపు మీద మెల్లటి నడక. శిఖరం ఉత్తరపు చివర ఉంటుంది. అక్కడ సెయింట్ మైకేల్ చాపెల్ ఉండేది, ఇప్పుడు గుమ్మం చోట రెండు నిలువు రాళ్లు మిగిలాయి. పదిహేడో శతాబ్దంలో తమ ప్రార్థనల మీద నిషేధం ఉన్న కాలంలో కాథలిక్కులు రహస్యంగా ప్రార్థనకు ఇక్కడికి వచ్చేవారు.

కొండ పడమటి వైపు గొడ్డలితో నరికినట్టు ఒక గంటు ఉంది. సిలువ వేసిన రోజున పగిలిందని భక్తుల కథ. నిజానికి అది కొండచరియ జారిన గుర్తు. పైన గట్టి ఎర్ర ఇసుకరాయి, కింద మెత్తటి మట్టిరాయి. కింది పొర నాని మెత్తబడితే పైది ముక్కగా విరిగి జారింది. ఈ రాతి గుణమే నడకలోనూ తెలుస్తుంది: వాన పడ్డాక ఎర్ర మట్టి బూటు అడుగు గాడుల్లో నిండి కూర్చుంటుంది, ఆ తర్వాత ఎంత మంచి బూటైనా నున్నటి చెప్పులాగే జారుతుంది. ప్రతి ఇరవై ముప్పై అడుగులకు ఒకసారి రాయికేసి తట్టి మట్టి దులపాలి. ఇక్కడ జనం పడేది ఎక్కువగా దిగేటప్పుడే, అదీ ఈ మట్టి మీదే.

ఇంకో హెచ్చరిక. శిఖరం నుంచి ఉత్తరంగా సూటిగా దిగే బాట మ్యాప్‌లో చిన్నగా, ముద్దుగా కనిపిస్తుంది. చాలా నిటారు. వచ్చిన దారినే వెనక్కి రండి. శని, ఆదివారాల్లో పొద్దెక్కితే కార్ పార్క్ నిండిపోతుంది. రోడ్డు పక్కన పెట్టాలని చూడకండి, కార్లు వేగంగా వచ్చే రోడ్డది.

నా మాట: మీ నాన్నగారితో హెర్గెస్ట్, తర్వాత ఎప్పుడైనా మీరూ బాబూ మాత్రమే వస్తే స్కిరిడ్.

నెమ్మదినడక:

ఇద్దరికీ కృతజ్ఞతలు. హెర్గెస్ట్ ఖాయం చేసుకున్నాం. ఇంకొన్ని సందేహాలు. అంత దూరం వచ్చాక పొగమంచు కమ్మేస్తే? ముందురోజు చూసి తెలుసుకునే వీలుందా? పైన ఫోన్ సిగ్నల్ లేకపోతే దారి తప్పే ప్రమాదం ఉందా? తమ్ముడు తన కుక్కను తీసుకుని వస్తానంటున్నాడు, అనుమతి ఉంటుందా?

దిక్సూచి:

వాతావరణం సంగతి ముందు చూద్దాం, ఈ కొండకు వచ్చేదే చూపు కోసం కదా.

జనం సాధారణంగా "ఎండ" గుర్తు చూసి రోజు ఖాయం చేస్తారు. ఎండ వేరు, తేట వేరు. గాలి కదలకుండా మూడు నాలుగు రోజులు వరుసగా ఎండ కాస్తే దుమ్మూ తేమా గాలిలోనే నిలిచిపోతాయి, పది పదిహేను కిలోమీటర్ల అవతల అంతా పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. మాల్వర్న్ కొండలు కనబడనే కనబడవు. అసలైన తేట వచ్చేది వాన పట్టీ ఒకటి దాటిపోయి గాలి వాయవ్యానికి తిరిగిన తర్వాత. ధ్రువ ప్రాంతం నుంచి సముద్రం మీదుగా వచ్చే ఆ గాలి శుభ్రంగా ఉంటుంది. మధ్యమధ్య జల్లులు పడొచ్చు, కానీ జల్లుకూ జల్లుకూ మధ్య పెన్ ఎ ఫాన్ దాకా గీసినట్టు కనిపిస్తుంది. కాబట్టి మీకు రెండు రోజులు చేతిలో ఉంటే, ఉక్కపోతగా ఉన్న ఎండ రోజు కాకుండా, ముందురోజు వాన పడి గాలి మారిన రోజు ఎంచుకోండి.

మెట్ ఆఫీస్ సూచనలో "విజిబిలిటీ" అనే వరుస ఉంటుంది, ఎక్కువమంది దాన్ని చూడనే చూడరు. అందులో వెరీ గుడ్ అని ఉంటే బయల్దేరండి. పర్వత వాతావరణ సూచన ఇచ్చే ఎండబ్ల్యూఐఎస్‌లో బ్రెకన్ బీకన్స్ పేజీ చూస్తే మబ్బు ఎంత ఎత్తున ఉంటుందో తెలుస్తుంది. అది పెద్ద కొండలకు రాసేది కాబట్టి గాలి అంకెలు హెర్గెస్ట్‌కు కాస్త ఎక్కువగానే ఉంటాయి, కానీ మబ్బు అడుగుభాగం 400 మీటర్లకు దిగువన అని ఉంటే ఆ పూట మానుకోవడం మేలు.

వెలుతురు కూడా లెక్కలోకి తీసుకోండి. పొద్దున సూర్యుడు తూర్పున ఉంటాడు, అప్పుడు పడమటి వేల్స్ కొండలు బాగా తేలుతాయి. సాయంత్రం హెరెఫర్డ్‌షైర్ వైపు బాగుంటుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా అన్నీ చప్పగా ఉంటాయి. మేలో తొమ్మిది దాకా వెలుగుంటుంది కాబట్టి మధ్యాహ్నం భోజనం కింద చేసి, మూడింటికి మొదలుపెట్టినా ఏ తొందరా ఉండదు.

చలి: ప్రతి వంద మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 0.65 డిగ్రీలు తగ్గుతుంది. ఊరికీ శిఖరానికీ రెండు డిగ్రీల లోపే తేడా. దీన్ని చూసి ఏమీ కాదనుకోకండి. చలి పెట్టేది గాలి. చెట్టు చేమ లేని బోడి కొండ, పడమటి గాలి సూటిగా తగులుతుంది. ఎక్కేటప్పుడు చెమట పట్టిన కాటన్ బనియన్ పైన కూర్చోగానే మంచు గుడ్డలా మారుతుంది. పెద్దవాళ్లకు, పిల్లలకు కాటన్ వద్దు. లోపల పాలియెస్టర్ గానీ ఉన్ని గానీ, దాని మీద ఫ్లీస్, సంచిలో గాలినీ వాననూ ఆపే జాకెట్. ఆగిన వెంటనే వేసుకోవాలి, చలి వేశాక కాదు. మే నెల అని టోపీ, చేతి తొడుగులు ఇంట్లో వదిలేసి రాకండి.

దారి తప్పడం గురించి. ఎండ రోజున ఇక్కడ తప్పమన్నా తప్పరు. మబ్బు దిగితే మాత్రం ఈ కొండ సన్నటి కొండల కంటే ఎక్కువ తికమక పెడుతుంది. కారణం, గాలిగుట్ట గారు చెప్పిన ఆ చదునే. పైన పచ్చిక బాటలు పక్కపక్కనే బోలెడున్నాయి, అన్నీ ఒకేలా ఉంటాయి, గుర్తు పట్టడానికి గోడ గానీ కంచె గానీ లేదు. తెలియకుండా దక్షిణానికి దిగితే ఆరో (Arrow) అనే పేరున్న నది లోయలో తేలతారు, ఉత్తరానికి దిగితే ఏ44 రోడ్డు వైపు. రెండూ ప్రాణాపాయం కాదు, కానీ కారు దగ్గరకు చేరడానికి చాలా చుట్టు తిరగాలి. విరుగుడు చిన్నదే: గేటు దగ్గర, చెట్ల దగ్గర, ట్రిగ్ దగ్గర ఫోన్‌లో ఒక్కో గుర్తు పెట్టుకోండి. తిరుగు దారి మొత్తం మీద తూర్పుకు. దిక్సూచి తూర్పు కాకుండా దక్షిణం చూపిస్తూ, నేల మరీ వాలుతుంటే బాట తప్పారన్నమాట. ముందుకు పోకుండా ఎక్కి వెనక్కి రండి.

మ్యాప్ ఓఎస్ (బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే) ఎక్స్‌ప్లోరర్ 201, స్కేలు 1:25,000. స్కిరిడ్‌కైతే ఓఎల్13. ఫోన్ యాప్ వాడితే ఆ భాగం ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్‌ను లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. మ్యాప్‌లో పసుపు రంగు పరిచినట్టున్న నేలంతా ఎవరైనా నడిచే హక్కు ఉన్న చోటు, బాటకే అంటిపెట్టుకోనక్కర్లేదు. కింద పొలాల్లో మాత్రం బాట వదలకూడదు. అక్కడ పసుపు బాణం నడిచేవాళ్లది, నీలి బాణం గుర్రాలకూ సైకిళ్లకూ కూడా.

కుక్క తీసుకురావచ్చు. కానీ మార్చి 1 నుంచి జూలై 31 దాకా ఇలాంటి బహిరంగ నేల మీద రెండు మీటర్లు మించని పట్టీతో కట్టి ఉంచాలని చట్టం, సాగే పట్టీ పనికిరాదు. భరత పక్షులు నేల మీదే గూడు కడతాయి, మే అంటే గుడ్ల కాలం. గొర్రెల దగ్గర ఏ నెలైనా పట్టీ తప్పనిసరి. గొర్రెలను తరిమే కుక్కను కాల్చే అధికారం కొన్ని సందర్భాల్లో రైతుకు ఉంటుందని మీ తమ్ముడికి చెప్పండి.

ఎవరికైనా కాలు మెలికపడి దిగలేకపోతే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అనండి, వాళ్లను మౌంటెన్ రెస్క్యూ కావాలని అడగండి. అంబులెన్స్ అని అడిగితే రోడ్డు మీద నుంచి వచ్చే బండినే పంపుతారు, ఆలస్యమవుతుంది. గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాప్‌లో మీరున్న చోటును చూపే అక్షరాలు, అంకెలు) చెప్పాలి, ఓఎస్ యాప్‌లో కనిపిస్తుంది. మాట వినపడనంత బలహీనంగా సిగ్నల్ ఉంటే మెసేజ్ కూడా పంపొచ్చు, కానీ దానికి ముందే నమోదు కావాలి: ఇంట్లో ఉన్నప్పుడే రిజిస్టర్ అనే మాటను ఇంగ్లీషులో టైపు చేసి 999కి పంపండి, వచ్చిన జవాబుకు వాళ్లు చెప్పినట్టు బదులివ్వండి.

మబ్బుగీత:

మోకాలు గురించి ఎవరూ సరిగా చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

దిగేటప్పుడు నొప్పి రావడానికి కారణం, ప్రతి అడుగులోనూ ఒంటి బరువును తొడ కండరం సాగుతూనే ఆపాల్సి రావడం. అడుగు ఎంత పెద్దదైతే ఆ తోపు అంత పెరుగుతుంది. అందుకని దిగేటప్పుడు అడుగు సగానికి తగ్గించమనండి, మోకాలు పూర్తిగా చాచి మడమ మీద దభీమని దిగకుండా, కొద్దిగా వంచి ఉంచి పాదమంతా ఆన్చాలి. హెర్గెస్ట్ మీద దారి వెడల్పు కాబట్టి సూటిగా దిగక్కర్లేదు, ఎడమకూ కుడికీ ఏటవాలుగా కోసుకుంటూ రావొచ్చు. స్కిరిడ్ మెట్ల మీద ఈ వెసులుబాటు లేదు, అసలు తేడా అదే.

రెండు ట్రెక్కింగ్ కర్రలు కొనండి, ఒకటి కాదు. చదును నేల మీద పట్టుకుంటే మోచేయి లంబకోణంలో ఉండాలి, ఆ పొడవు గుర్తు పెట్టుకోండి. ఎక్కేటప్పుడు ఐదు సెంటీమీటర్లు తగ్గించాలి, దిగేటప్పుడు ఐదు నుంచి పది పెంచాలి. చాలామంది పొద్దున పెట్టిన పొడవే సాయంత్రం దాకా ఉంచేస్తారు, దిగేటప్పుడు నడుము వంగిపోయి, కర్ర ఉన్న ప్రయోజనమే పోతుంది. పట్టీలోకి చేతిని కింది నుంచి పైకి దూర్చి పట్టుకోవాలి, అప్పుడు బరువు పట్టీ మోస్తుంది, మణికట్టు మోయదు. కర్ర పొడవును పట్టి ఉంచే తాళం సరిగా బిగిసిందో లేదో బయల్దేరే ముందు ఒంటి బరువు వేసి నొక్కి చూడండి. వాలు మీద కర్ర లోపలికి జారిందంటే మనిషి ముందుకే పడతాడు.

స్పోర్ట్స్ షూ గురించి అడిగారు. వారం రోజులు వాన లేకపోతే చాలు. తడి పచ్చిక మీద మాత్రం నున్నటి అడుగు పనికిరాదు, మట్టి కంటే అదే ఎక్కువ మోసం చేస్తుంది, ఎందుకంటే చూడ్డానికి భయంగా ఉండదు. అడుగున నాలుగు మిల్లీమీటర్లయినా లోతు గాడులున్న ట్రెయిల్ షూ చూడండి. కొత్త బూట్లతో ఆ రోజే మొదటిసారి నడవద్దు. దిగే ముందు లేసులు విప్పి, మడమను వెనక్కి తన్ని, చీలమండ దగ్గర బిగించి కట్టుకుంటే వేళ్లు ముందుకు గుద్దుకోవు, గోళ్లు నల్లబడవు.

బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క ఈ కొండల మీద విపరీతం. మే మధ్యలో అప్పుడే చుట్టలు విప్పుతూ ఉంటుంది, బాటలు తెరిచి ఉంటాయి. అదే జూలై, ఆగస్టుల్లో వస్తే ఛాతీ ఎత్తు పెరిగి చిన్న బాటలను మింగేస్తుంది, టిక్ పురుగులు ప్యాంటుకు అంటుకునేదీ అక్కడే. మీరు మేలో వస్తున్నా బాబు బ్రాకెన్‌లో దొర్లితే సాయంత్రం మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు అంచున వెతకండి. ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా, మెల్లగా లాగండి. మెలితిప్పవద్దు, నూనె రాయవద్దు, కాల్చవద్దు. తర్వాతి వారాల్లో గుండ్రంగా పాకే ఎర్ర మచ్చ వస్తే లైమ్ వ్యాధి కావొచ్చు, వెంటనే జీపీకి (మీ ఫ్యామిలీ డాక్టరుకు) చూపించండి.

పచ్చికబాట:

మబ్బుగీత గారి కర్రల మాటకు నా ఓటు కూడా. ఇంకో దారి కూడా చెప్పి ఉంచుతాను: ఆ రోజు నాన్నగారి మోకాలు బాగా లేకపోతే హే బ్లఫ్. హే ఆన్ వై ఊరి నుంచి గాస్పెల్ పాస్ మీదికి రోడ్డు ఎక్కుతుంది, 549 మీటర్లు, వేల్స్‌లో అంతకంటే ఎత్తైన కనుమ రోడ్డు లేదు. అక్కడి నుంచి బ్లఫ్ పైకి ఇంకా 130 మీటర్లే.

గాలిగుట్ట:

ఎత్తు లెక్క సరే, రోడ్డు సంగతి కూడా చెప్పాలి కదండీ. ఒకే కారు పట్టే దారి, ఎదురుగా బండి వస్తే ఆగడానికి చేసిన చోటు దాకా వెనక్కి నడపాలి, రోడ్డు మీద గొర్రెలు. కనుమ దగ్గర కార్లకు చోటు చాలా తక్కువ. పైన 677 మీటర్లు, హెర్గెస్ట్ కంటే 250 మీటర్లు ఎక్కువ, మబ్బు దిగితే ముందు మునిగేది అదే. ఒకవైపు నిటారుగా తెగిన అంచు కూడా ఉంది, వాళ్లు వద్దన్నదే అది.

మోకాలు బాగా లేని రోజుకు కింగ్టన్‌లోనే మందు ఉంది: బ్రాడ్నర్ హిల్. ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తైన పద్దెనిమిది హోళ్ల గోల్ఫ్ కోర్సుగా పేరున్నది దాని మీదే ఉంది, క్లబ్ దాకా తారు రోడ్డు వెళ్తుంది. అక్కడి నుంచి శిఖరం 391 మీటర్లు, కొద్దిపాటి నడక. బంతులు వచ్చే వైపు చూసుకుంటూ, ఆడేవాళ్లు కొట్టే దాకా ఆగి దాటండి. చూపు హెర్గెస్ట్ అంత కాదు కానీ రాడ్నర్ లోయ బాగా కనిపిస్తుంది.

నెమ్మదినడక:

చాలా ఉపయోగపడిందండీ. చివరగా ఒకటి. శిఖరం నుంచి పడమటికి అలాగే నడిచి గ్లాడెస్ట్రీలో దిగొచ్చని చదివాను. అమ్మకూ బాబుకూ వేల్స్‌లో అడుగుపెట్టాలని ఉంది. ఒకే కారుతో కుదురుతుందా?

గాలిగుట్ట:

కుదురుతుంది, మనుషులను విడదీస్తే. శిఖరం ఇంగ్లండ్‌లోనే ఉంది. సరిహద్దు దానికి పడమటగా కొండను అడ్డంగా కోస్తుంది, గీత గానీ గోడ గానీ ఉండదు, మ్యాప్ చూసి దాటామనుకోవాల్సిందే. అక్కడి నుంచి పోయిస్ కౌంటీలోని గ్లాడెస్ట్రీకి దిగుడు, చివరి భాగం తూర్పు వైపు కంటే కాస్త నిటారు. కింగ్టన్ నుంచి గ్లాడెస్ట్రీకి మొత్తం ఆరున్నర ఏడు కిలోమీటర్లు. మీరూ నాన్నగారూ శిఖరం నుంచి వెనక్కి మెల్లటి వాలు మీదుగా కారుకు చేరుకోండి, అమ్మా బాబూ, తమ్ముడు వస్తే అతనూ, కుక్కా కలిసి అటు దిగుతారు. మీరు కారులో చుట్టూ తిరిగి వెళ్లి వాళ్లను ఎక్కించుకోండి. ఆ వైపు రోడ్లు సన్నం, కిలోమీటర్లు తక్కువైనా అరగంట చేతిలో పెట్టుకోండి. బస్సును నమ్ముకోకండి. గ్లాడెస్ట్రీలో ఫోన్ అందకపోవచ్చు కాబట్టి కలిసే చోటు, వేళ శిఖరం మీదే మాట్లాడుకోండి: రాయల్ ఓక్ పబ్ ముందు. లోపల ఏమైనా తినాలనుకుంటే వంటగది వేళలు ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి, పల్లె పబ్బుల్లో మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్య పొయ్యి ఆర్పేస్తుంటారు.